శమీవృక్షము: దాని చరిత్రయు, వైద్యగుణములును

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమొకటి వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. జగిత్యాల కోటను గూర్చియు, వేములవాడ చాళుక్యులను గూర్చియు వ్రాయగల పండితులు మన ప్రాంతమున పెక్కుమంది కలరు. నేను ఊరి లెక్కలు వ్రాసుకొనుచు, తీరిక వేళల ఈ గ్రంథాలయపు బీరువాలలోని భారతమును, అమరమును, వైద్యగ్రంథములను స్వయముగా చదువుకొన్నవాడను. కావున రాజుల చరిత్ర వారికి విడిచి, రాజులకంటె ముందు పుట్టి, రాజులు పోయిన పిదపను నిలిచియున్న ఒక చెట్టు చరిత్రను చెప్పదలచితిని. అది మన జమ్మిచెట్టు.

విజయదశమినాటి సాయంకాలము జమ్మియాకును ‘బంగార’మని పెద్దల చేతులలో నుంచి కాళ్లకు మ్రొక్కని యిల్లు తెలంగాణమున లేదు. పాలపిట్టను చూచుట, జమ్మికి పూజ చేయుట, చీటీపై పేర్లు వ్రాసి కొమ్మకు కట్టుట, ఒకరినొకరు కౌగిలించుకొని అలాయ్ బలాయ్ చెప్పుకొనుట మనకు ఉగ్గుపాలతో వచ్చిన ఆచారములు. ఆ యాకును తెచ్చి గల్లాపెట్టెలోను, ధాన్యపు గాదెలోను వేయుదురు. అయితే ఈ చెట్టు ఏ గుణముచేత ఇంత గౌరవమును పొందినది, దాని బెరడు, పూవు, కాయ పూర్వులు ఏ రోగములకు వాడిరి, ఆ వాడుకలో నేడు మనము నమ్మదగినదెంత అని అడిగినచో మనలో పలువురము ఊరకుందుము.

మొదట పేరు. అమరసింహుడు శమికి ‘సక్తుఫల’ యనియు ‘శివ’ యనియు పర్యాయపదములు చెప్పినాడు. సక్తువనగా పేలపిండి. కాయలోని గుజ్జు ఎండినప్పుడు పిండివలె నుండుటచే ఈ పేరు వచ్చినదని నా యూహ. శివ యనగా మంగళకరమైనది. శమి యను మాటను శమింపజేయుట యను ధాతువుతో కలిపి పూర్వులు అర్థము చెప్పిరి. పేరులోనే ఆహారము, శుభము, శాంతి మూడును కలవన్నమాట.

ఈ శాంతివృక్షము గర్భమున అగ్ని దాగియున్నదని పురాణములు చెప్పుట విచిత్రము. అగ్నిదేవుడు దేవతలకు కనబడక దాగిన కథ భారతమున అనుశాసనిక పర్వమున కలదు. అతడు రావిలో దాగి, అచ్చటినుండి శమిలో చేరినాడు. చిలుక ఆ జాడ చెప్పినది. నాటినుండి శమి అగ్నికి పుణ్యనివాసమైనది. యజ్ఞములకు నిప్పు పుట్టించు అరణిని శమీగర్భమున మొలచిన రావికొయ్యతో చేయవలెనని విధి. కాళిదాసు శాకుంతలమున గర్భవతియైన శకుంతలను అగ్నిని గర్భమున ధరించిన శమితో పోల్చినాడు. ఇది కేవలము కవిసమయమని త్రోసివేయరాదు. జమ్మికట్టె యెంత దట్టముగా, ఎంత వేడిగా మండునో పొయ్యి ముందు కూర్చున్న ఆడువారికి తెలియును. కిలో కట్టెకు ఇంచుమించు 5000 కిలోకేలరీల వేడి వచ్చునని నేటి అటవీశాస్త్రజ్ఞుల లెక్క. అరణిని మథించిన ఋషికి ఈ అంకె తెలియకపోవచ్చును గాని, కట్టె గుణము తెలిసియుండెను.

పాండవుల కథ అందరు నెరిగినదే. అయినను ఒక చిన్న విషయము చెప్పక తప్పదు. అజ్ఞాతవాసమునకు విరటుని నగరము చేరకముందు వారు శ్మశానము చెంత నున్న ఒక పెద్ద శమిని ఎన్నుకొనిరి. నకులుడు చెట్టెక్కి ఆయుధములను కట్టినాడు. వాసనకు జనులు దగ్గరకు రాకుండునట్లు ఒక శవమును గూడ కట్టి, అది నూట ఎనుబది యేండ్ల తమ తల్లి శవమనియు, ఇట్లు చెట్టుకు కట్టుట తమ కులాచారమనియు గోపాలకులకు చెప్పిరి. ఏడాది పొడవున వర్షమునకును ఎండకును ఆ చెట్టు ఆకు వీడక ఆ మూటను కప్పి కాచినది. ఆకు పూర్తిగా రాల్చు చెట్టయినచో ఆ రహస్యము వేసవిలోనే బయటపడియుండెడిది. తిక్కన సోమయాజి తన పదునైదు పర్వములను ఈ విరాటపర్వముతోనే ఆరంభించుట తెలుగువారికి ప్రీతిపాత్రమైన విషయము. మన వేములవాడ ప్రభువు రెండవ అరికేసరి ఆశ్రయమున పంపకవి 941 ప్రాంతమున కన్నడమున రచించిన విక్రమార్జున విజయము గూడ అర్జునుని నాయకునిగా జేసి చెప్పిన భారతమే. అనగా గాండీవధారి కథను మన మానేరు పరీవాహకమున వేయి సంవత్సరములకు పూర్వమే రాజసభలో వినిపించిరి. పంపకవి తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనమున తెలుగు కందపద్యములు కలవు. ఆ గుట్ట కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు దారికి ఎంతో దూరములేదు, చూడనివారు చూడవలెను.

ఇక వృక్షశాస్త్రమునకు వత్తము. దీని శాస్త్రీయ నామము ప్రోసోపిస్ సినరేరియా. లినేయస్ 1753లో దీనిని మిమోసాలలో చేర్చినాడు. డ్రూస్ 1914లో నేటి పేరున స్థిరపరచినాడు. పాత పుస్తకములలో ప్రోసోపిస్ స్పిసిజెరా అని కనిపించును. సినరేరియా యనగా బూడిదవన్నెది. ఆకును దగ్గరగా చూచిన ఆ పేరు ఎంత తగినదో తెలియును. దీని జన్మభూములు అరేబియా, పారసీకము, సింధు, రాజస్థానము మొదలైన ఎండుదేశములు. వేసవి ముఖమున పాతాకు రాల్చుచునే క్రొత్తయాకు తొడుగుటచే, మిగిలిన చెట్లు మోడువారిన రోజులలో ఇది పచ్చగా కనబడును. దీని తల్లివేరు ముప్పది మీటర్లకు పైగా లోతునకు దిగినట్లు కొలిచినవారు కలరు. ఎడారిచెట్టు మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నల్లరేగడులలోను, చెలకలలోను ఎట్లు నిలచినదన్న ప్రశ్నకు ఆ వేరే సమాధానము. వానలు పడిన సంవత్సరము సంతోషించును, పడని సంవత్సరము లోతునుండి త్రాగును. చిక్కుడుజాతిది గావున నేలకు నత్రజనిని గూడ చేర్చును. దాని నీడన పైరు చెడునని మన రైతులు కొందరు భయపడుదురు గాని, రాజస్థానపు రైతు దాని క్రిందనే సజ్జలు పండించును.

జమ్మి యనుకొని మరియొక చెట్టు బెరడు ఒలుచుకొనివచ్చువారు కలరు గనుక గుర్తులు చెప్పవలసియున్నది. జమ్మికి ముండ్లు చిన్నవి, తిన్ననివి, శంకువు రూపమున కొమ్మపై ఎడనెడ చెదరియుండును. తుమ్మకు వలె కణుపుకడ జతజతలుగా నుండవు. ఈనె సాధారణముగ రెండు జతల పాయలై, ఒక్కొక్క పాయకు ఏడు మొదలు పండ్రెండు జతల చిట్టియాకులుండును. పూలు లేత పసుపు, సన్నని కంకులు. కాయలు సన్ననివి, జానెడు లోపు పొడవు. లోన గోధుమవన్నె తీపిగుజ్జు. గులాబియు పసుపును రెండు వన్నెలు కలిసిన కంకియు, మెలితిరిగిన కాయయు ఉన్నచో అది వెలుతురుచెట్టు గాని జమ్మి కాదు. ఇక చెరువుగట్ల నాక్రమించిన సర్కారుతుమ్మ మాట. దానిని అమెరికా ఖండపు సీమలనుండి తెప్పించి 1877లో కడప జిల్లాలో నాటిరి. నిన్నమొన్నటివరకు శాస్త్రజ్ఞులు దానిని జమ్మికి తోబుట్టువుగా ఒకే వంశనామమున వ్రాయుచుండిరి. 2022లో ఆ వంశమును విడదీసి, సర్కారుతుమ్మను ‘నెల్టూమా’ అను వేరు వంశమున చేర్చిరి. ప్రోసోపిస్ అను పేరు జమ్మికి నిలచినది. భాగపంపకములు చెట్లకు గూడ తప్పలేదు!

వైద్యశాస్త్రమున శమిని గూర్చి చెప్పిన వారిలో చరకుడు ప్రాచీనుడు. సూత్రస్థానమున ఫలములను వర్ణించుచోట శమీఫలము గురువనియు, తీయనిదనియు, రూక్షమనియు, ఉష్ణమనియు, వెండ్రుకలను పోగొట్టుననియు చెప్పినాడు. పదునారవ శతాబ్దివాడైన భావమిశ్రుడు శమిని చేదు, కారము, వగరు రుచులు గలదిగా, చలువచేయునదిగా, తేలికైనదిగా వర్ణించి, కఫము, దగ్గు, భ్రమ, శ్వాస, చర్మరోగము, మొలలు, క్రిములు అను వానిని జయించునన్నాడు. ఒకరు ఉష్ణమనగా మరియొకరు శీతమనుట చూచి నేను చాలదినములు తికమకపడితిని. తరువాత రెండు పాఠములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినప్పుడు సంగతి తేలినది. చరకుడు చెప్పినది కాయను గూర్చి. భావమిశ్రుడు చెప్పినది చెట్టును గూర్చి. మామిడిపండు వేడిచేయునని అన్నంతమాత్రమున మామిడిబెరడు వేడి యని కాదు గదా. పుస్తకమున ఏ యంగమును గూర్చి చెప్పినారో చూడక, ‘శమి మంచిది’ అని మొత్తముగా పట్టుకొనువారు ఇట్టిచోటనే పొరబడుదురు.

వెండ్రుకలు రాల్చు గుణమును గూర్చి కొంచెము చెప్పెదను. ఇది నాకు మిక్కిలి ఇష్టమైన భాగము. చరకుని మాట వింతగా తోచును. కాని జమ్మికట్టె బూడిదను ఒంటిపై రుద్ది రోమములను తొలగించుకొను వాడుక ఈ దేశపు ఓషధులను గూర్చి వ్రాసినవారి పుస్తకములలో నమోదైయున్నది. కట్టెబూడిదలో క్షారము ఉండును. క్షారము వెండ్రుకను మెత్తబరచును. శాస్త్రకారుడు కాయకు చెప్పినాడు, జనులు బూడిదకు చెప్పిరి; రెండును ఒక్కటి కాకపోయినను ఒకే దిక్కుకు చూపుచున్నవి. అయితే క్షారము చర్మమును గూడ కాల్చును. కావున దీనిని చదివి సంతోషించుటయే గాని, ఎవ్వరును ఇంట ప్రయోగింపరాదు.

జనుల వాడుకలో అన్నిటికంటె ముఖ్యమైనది బెరడు. దానిలో వగరు పదార్థము మెండు. వగరు ప్రేగుల పొరను బిగియించును గనుక విరేచనములకును, రక్తగ్రహణికిని బెరడు కషాయము ఇచ్చుట సహేతుకముగనే యున్నది. కీళ్లవాతమునకును, దగ్గునకును, ఉబ్బసమునకును, తేలుకాటునకును గూడ బెరడును వాడిరి. లేతాకును నూరి సెగగడ్డలపైని, పొక్కులపైని పట్టువేయుదురు. ఆకు పొగ కంటిజబ్బులకు మేలని ఒక వాడుక కలదు. పొగ కంటికి ఎట్లు మేలు చేయునో నాకు బోధపడలేదు. మా మేనత్త పంటిచిగుళ్లు వాచినప్పుడు జమ్మిబెరడు కాచిన నీటితో పుక్కిలించుమని చెప్పుచుండెడిది. ఆమె చదువుకొన్నది కాదు. వగరుగుణము ఆమెకు నాలుకతోనే తెలిసినది.

పూలను చక్కెరతో నూరి గర్భవతులకు, గర్భము నిలుచుటకై, ఇచ్చుట పశ్చిమభారతపు వాడుక. ఇక్కడ నేను నిర్మొగమాటముగా వ్రాయవలెను. ఈ మందు గర్భము నిలుపునని మానవులపై పరీక్షించి నిరూపించినది కాదు. కాళిదాసు శకుంతలను శమితో పోల్చినాడని కడుపుతో నున్న ఆడబిడ్డకు ఈ పూలచూర్ణము పెట్టరాదు. రక్తము కనబడిననాడు అత్తయైనను తల్లియైనను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలసినదే. అట్లే సిరిసిల్ల మరమగ్గముల నడుమ నూలుధూళిని పీల్చి పనిచేయు మన సోదరులకు దగ్గును, ఆయాసమును క్రొత్తవి కావు. భావమిశ్రుడు శమి శ్వాసను జయించునన్నాడని నెలలకొలది కషాయము త్రాగుచు కూర్చున్నచో, ఊపిరితిత్తులలో చేరిన ధూళి కషాయమునకు కరగదు. ఇట్టి ఆలస్యములచేత ప్రాణములమీదికి వచ్చును.

అట్లని పూర్వుల మాటను వెక్కిరించుటయు తగదు. నేటి రసాయన శాస్త్రజ్ఞులు జమ్మియాకునుండి స్పైసిజెరిన్ అను క్షారపదార్థమును వేరుపరచిరి. బెరడు సారము మధుమేహము కలిగించిన ఎలుకలలో నెత్తుటి చక్కెరను తగ్గించినట్లు పరీక్షలు చూపినవి. ఎలుకకు పనిచేసినదెల్ల మనిషికి పనిచేయునని కాదు. మోతాదు తెలియదు, దీర్ఘకాలపు దోషములు తెలియవు. మన జగిత్యాలలోను కోరుట్లలోను చక్కెరరోగులకు లోటు లేదు గనుక, వైద్యుడిచ్చిన మాత్ర మానివేసి బెరడు నమలువారు పుట్టక ముందే ఈ మాట చెప్పుచున్నాను.

మందుకంటె ముందు ఇది ఆహారము. రాజస్థానమున లేతకాయలను ‘సాంగరీ’ యని ఎండబెట్టి కూర వండుకొందురు. ఆకును మేకలకును, ఒంటెలకును మేపుదురు. ఎండుటాకులో నూటికి 12 మొదలు 14 పాళ్లు మాంసకృత్తులున్నవందురు గాని, వగరు మిక్కుటమగుటచే పశువునకు పూర్తిగా ఒంటబట్టదు. 1868–69 నాటి రాజపుతానా మహాక్షామమున జనులు ఈ చెట్టు బెరడును ఒలిచి, పిండిచేసి, రొట్టెలు కాల్చుకొని ప్రాణములు నిలుపుకొనిరి. ఆ బెరడే, మనము పైన చెప్పిన వగరు మందు. ఆకలిగొన్నవానికి అదే అన్నమైనది. 1730లో మార్వాడమున ఖేజడ్లీ గ్రామమున రాజభటులు ఈ చెట్లను కొట్టవచ్చినప్పుడు అమృతాదేవి మొదలుకొని 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకొని తలలు ఇచ్చిరి. ఆ చెట్టు ఖేజడీ. ఆ ఖేజడీయే మన జమ్మి. రాజస్థానము 1983లో దీనిని తన రాష్ట్రవృక్షముగా ప్రకటించినది. తెలంగాణము ఏర్పడిన సంవత్సరమే, 2014లో, మన ప్రభుత్వమును జమ్మిని రాష్ట్రవృక్షముగా ఎన్నుకొన్నది.

మన ప్రాంతమువారికి మరియొక సంగతి ఆసక్తి కలిగించును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల ఊళ్లలో గల్ఫుకు పోయినవాడు లేని వాడ అరుదు. దుబాయిలో దారిప్రక్కన ‘ఘాఫ్’ అని పిలువబడు చెట్టును మన పిల్లలు చూచియుందురు. అది జమ్మియే. ఎమిరేట్ల ప్రభుత్వము 2008లో దానిని జాతీయవృక్షముగా ప్రకటించినది. 2019ని సహన సంవత్సరముగా పాటించినప్పుడు దాని ఆకృతినే చిహ్నముగా గ్రహించినది. బహరైనులో ఇసుకదిబ్బపై ఒంటరిగా నాలుగు వందల యేండ్లుగా నిలచియున్న ‘జీవవృక్షము’ గూడ జమ్మియే. దసరాకు ఇంటికి రాలేని మన కొడుకులు, అల్లుండ్లు అచ్చట ఆ చెట్టు చెంత నిలబడినచో, తమ ఊరి బంగారము అదేనని వారికి తెలియుట మంచిది. అయితే అచ్చటి చెట్లకు చట్టపు రక్షణ కలదు. ఆకు త్రుంచకుండ నమస్కరించి రావలెను.

ఇచ్చటి చెట్లకు మాత్రము మన భక్తియే గండమైనది. దసరా ముందురోజు కొడవళ్లు పట్టుకొని కొమ్మలకు కొమ్మలు నరికి, ఆకు దుసి, మోపులు కట్టి అంగళ్లలో అమ్ముచున్నారు. ట్రాక్టరు తిరుగుటకు అడ్డమని గట్లమీది జమ్ములను తీసివేసితిమి. నేడు అనేక గ్రామములలో జమ్మిచెట్టు లేక, ఎచ్చటినుండియో తెచ్చిన కొమ్మను భూమిలో పాతి దానికే ప్రదక్షిణము చేయుచున్నారు. పూజ ముగిసిన మరునాడు ఆ కొమ్మ ఎండిపోవును. బెరడుకై వచ్చువారు చెట్టు చుట్టును వలయముగా ఒలిచినచో ఆహారము క్రిందికి దిగక చెట్టు చచ్చును. కావలసినవారు కొమ్మమీది బెరడును ఒక ప్రక్క మాత్రమే అరచేతి వెడల్పు తీసికొనవలెను. 2021 దసరానాడు ఊరూరికి, గుడిగుడికి జమ్మిచెట్టు నాటవలెనని ఒక ప్రయత్నము రాష్ట్రమున ఆరంభమైనది. అట్లు నాటిన మొక్కలలో బ్రదికినవెన్నియో ఎవరి ఊరిలో వారు లెక్కించుకొనవలసినది.

నాటదలచినవారికి నాకు తెలిసినది చెప్పెదను. కాయలు వేసవి పూతకు వానకాలపు మొదట పండును. రాలినకాయను ఏరి, గింజలు తీసి, పురుగుపట్టినవి పారవేసి, ఒక దినము నీట నానబెట్టవలెను. పొడవైన సంచిలో మట్టియు, ఇసుకయు, పెంటయు కలిపి రెండేసి గింజలు విత్తవలెను. పొట్టి సంచి పనికిరాదు. తల్లివేరు అడుగున చుట్టుకొని మొక్క చెడును. మరుసటి వానలకు మూడడుగుల లోతు గోతిలో నాటి, మేకలకు అందకుండ కంప కట్టవలెను. మొదటి రెండు మూడేండ్లు మొక్క పైకి పెరుగనట్లే కనబడును. ఆ కాలమంతయు వేరు క్రిందికి దిగుచుండును గనుక, చచ్చినదని భ్రమపడి పెరికివేయరాదు. మన గ్రంథాలయపు ఆవరణమున, తూర్పుప్రక్క ప్రహరీకి ఆనుకొని, ఎండ పడు స్థలము కొంత ఖాళీగా నున్నది.